డ్రైవర్ ఒంట్లో బాగోక లారీ ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

## క్లుప్తంగా

జబ్బుతో ఉన్న డ్రైవర్ లారీ నడిపి ప్రమాదం జరిగితే, బాధితులకు అందే డబ్బు చాలావరకు బీమా కంపెనీ నుంచే వస్తుంది, కేసు మాత్రం డ్రైవర్ మెడకు చుట్టుకుంటుంది. ఓనర్ దాకా వెళ్లాలంటే ఆ జబ్బు సంగతి ఆయనకు ముందే తెలుసని తేలాలి. బాధ్యత అంతా ఎవరికి ఏం తెలుసన్న దాని మీద ఆధారపడటంతో, అసలు తెలుసుకోకుండా ఉండటమే డ్రైవర్‌కీ ఓనర్‌కీ కూడా క్షేమమైన దారి అయిపోయింది. పరీక్షలు సరిగా లేకపోవడం ఒక లోపమైతే, ఇది అంతకన్నా పెద్ద లోపం.

## ప్రమాదాల లెక్కల్లో జబ్బు కనిపించదు

హైవే మీద లారీ డివైడర్ ఎక్కి అవతలి వైపు వస్తున్న కారును గుద్దేస్తే, మర్నాడు పేపర్లో మామూలుగా కనిపించే కారణాలు రెండే: అతివేగం, లేదంటే నిద్రమత్తు. ఎప్పుడో ఒకసారి ‘డ్రైవర్‌కు గుండెపోటు’ అని వస్తుంది, అదీ డ్రైవర్ స్టీరింగ్ మీదే ప్రాణాలు వదిలి ఉంటేనే. షుగర్ పడిపోయి కళ్లు తిరిగినా, ఫిట్స్ వచ్చినా, ఎదురు లైట్ల వెలుగులో ముందు ఆగి ఉన్న ట్రాక్టర్ కంటికి ఆనకపోయినా, బతికి బయటపడ్డ డ్రైవర్ ఆ మాట పోలీసులకు చెప్పడు. చెబితే లైసెన్సు పోతుంది, పైగా కేసు ఇంకా బిగుసుకుంటుంది.

కేంద్ర రవాణా శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల నివేదిక తెస్తుంది. 2023లో దేశంలో సుమారు 4.80 లక్షల ప్రమాదాలు జరిగాయి, 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. ఈ నివేదిక ప్రమాదాలను ఏ ఉల్లంఘన వల్ల జరిగాయో చూసి విడగొడుతుంది: అతివేగం, తాగి నడపడం, రాంగ్ రూట్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్, మిగతావన్నీ ‘ఇతర’ కింద. డ్రైవర్ ఆరోగ్యానికి విడిగా పద్దు లేదు. అందుకని అనారోగ్యం వల్ల ఏటా ఇన్ని ప్రమాదాలు జరుగుతున్నాయని ఎవరైనా కచ్చితమైన అంకె చెబితే నమ్మాల్సిన పనిలేదు.

డ్రైవర్ల ఆరోగ్యం ఎలా ఉందో మాత్రం కొంత తెలుసు. ఫోర్‌సైట్ ఫౌండేషన్, ఐఐటీ ఢిల్లీ కలిసి 50,000 మంది లారీ డ్రైవర్ల వివరాలతో చేసిన అధ్యయనం 2025 జనవరిలో బయటికి వచ్చింది. అందులో 55 శాతం మందికి చూపులో లోపం ఉంది, 57 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, 18 శాతం మందికి షుగర్ ఎక్కువగా ఉంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. బీపీ ఉన్నంత మాత్రాన లారీ నడపకూడదని కాదు. కళ్లజోడు పెట్టుకుంటే చూపు సరిపోతుంది, మాత్ర మానకుండా వేసుకుంటే బీపీ అదుపులో ఉంటుంది. వీళ్లలో చాలామంది డ్రైవింగ్‌కు పనికిరానివాళ్లు కాదు, వైద్యం అందనివాళ్లు. చట్టం దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా ఎక్కడా కనిపించదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

## లారీకి ఉన్నంత పరీక్ష మనిషికి లేదు

కొత్త లారీకి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాన్ని నడిపే మనిషి ఆరోగ్యం మాత్రం లైసెన్సు రెన్యువల్ అప్పుడే చట్టం కంట పడుతుంది. రవాణా వాహనాల లైసెన్సు గడువు గతంలో మూడేళ్లు ఉండేది, 2019 సవరణతో ఐదేళ్లయింది. ప్రమాదకర సరుకులు, అంటే పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లు నడిపేవాళ్లకు ఒక ఏడాది నుంచి మూడేళ్లయింది. ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గించడానికి చేసిన మార్పే ఇది, డ్రైవర్లకు అది ఊరటే. కానీ ఆ తిరుగుడుతో పాటే వైద్య పరీక్ష కూడా తగ్గింది. నలభై రెండేళ్ల డ్రైవర్ మళ్లీ డాక్టర్ ముందు నిలబడేది నలభై ఏడేళ్లకు. షుగర్, గుండెజబ్బు మొదలయ్యే వయసు సరిగ్గా అదే.

ఆ పరీక్ష కూడా ఎలాంటిదో చూడాలి. ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్‌లో డాక్టర్ కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసి సంతకం పెడతారు. ఫిట్స్, కళ్లు తిరగడం ఉన్నాయా, పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబర్ ప్లేటు కనిపిస్తుందా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తున్నాయా, చెవులు వినిపిస్తాయా, కాళ్లు చేతులు సరిగా కదులుతాయా, ఇలా. ఈ ఫారం పరీక్షల ఫలితాల మీద కాక డాక్టర్ అభిప్రాయం మీద నడుస్తుంది. గురక పెట్టే డ్రైవర్‌కు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందా అని తేల్చే మార్గం ఇందులో లేదు. పగలు స్టీరింగ్ మీద కునుకు పట్టడానికి ఆ జబ్బు పెద్ద కారణం.

పైగా చాలాచోట్ల ఈ సర్టిఫికెట్ ఆర్టీఏ ఆఫీసు బయట ఏజెంట్ ఫైల్లో ఒక కాగితం మాత్రమే. ఫోటో, ఆధార్ జిరాక్స్, ఫారం 1ఏ, డబ్బులు కలిపి ఇస్తే పని అయిపోతుంది. నాడి పట్టి చూడని డాక్టర్ సంతకం, చూసిన డాక్టర్ సంతకం ఆ ఫైల్లో ఒకేలా ఉంటాయి.

సరుకుల బండ్లలో చిన్నవాటికి ఇంకో దారి ఉంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని, వేరే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లైసెన్సు రకం సాకు చూపి బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టే కేసులు దాంతో చాలావరకు సర్దుకున్నాయి, బాధితులకు అది మంచి తీర్పు. అయితే ఎల్‌ఎంవీ లైసెన్సు తీసుకునేవాళ్లు నలభై ఏళ్ల లోపు ఉంటే మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు, సొంత ప్రకటన చాలు. అంటే ఇరవై రెండేళ్ల కుర్రాడు రాత్రంతా మార్కెట్లకు కూరగాయల వ్యాన్ తోలుతూ, నలభై వచ్చేదాకా ఒక్క డాక్టర్‌నూ చూడకుండానే గడిపేయొచ్చు.

## వెయ్యి రూపాయల నేరం

మోటారు వాహనాల చట్టం, 1988లో ఈ విషయం మీద సెక్షన్లు లేకపోలేదు. తన జబ్బు వల్ల జనానికి ప్రమాదమని తెలిసి కూడా బండి నడపడం సెక్షన్ 186 కింద నేరం. మొదటిసారి దొరికితే వెయ్యి రూపాయల వరకు, మళ్లీ దొరికితే రెండు వేల వరకు జరిమానా. 2019కి ముందు ఇది రెండు వందలు, ఐదు వందలు. పోల్చి చూస్తే, తాగి నడిపితే మొదటిసారే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సీటు బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి. ఫిట్స్ వస్తాయని తెలిసి నలభై టన్నుల బండి తోలడం, కారులో బెల్టు పెట్టుకోకపోవడం జరిమానా పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి.

తాగి నడపడాన్ని పట్టుకోవడానికి పోలీసుల చేతిలో బ్రీత్ ఎనలైజర్ ఉంది, రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. అని గీత ఉంది. జబ్బుకు గీతా లేదు, రోడ్డు మీద పరికరమూ లేదు. అందుకే 186 సెక్షన్ పుస్తకంలో ఉన్నా రోడ్డు మీద కనిపించదు.

లైసెన్సింగ్ అధికారికి సెక్షన్ 16 మంచి అధికారమే ఇచ్చింది. జబ్బు వల్ల డ్రైవర్ అనర్హుడని నమ్మడానికి తగిన కారణం ఉంటే లైసెన్సు ఎప్పుడైనా రద్దు చేయొచ్చు, లేదా తాజా మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనొచ్చు. కానీ ఆ కారణం ఆయనకు తెలియజేసేదెవరు? డ్రైవర్ చెప్పడు. డాక్టర్ ఆర్టీఏకు చెప్పి తీరాలన్న నియమం మన చట్టంలో లేదు. వైద్య నైతిక నియమావళి ప్రకారం సమాజానికి తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు రోగి రహస్యం బయటపెట్టే వీలుంది, అయినా ఏ ఆఫీసుకు, ఏ రూపంలో చెప్పాలో చూపించే దారి లేదు.

## ఒకే గుండెపోటు, మూడు వాదనలు

ప్రమాదం జరిగాక మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నడిచే వ్యవహారం చాలామందికి అయోమయంగా ఉంటుంది. లారీ నడుపుతుండగా డ్రైవర్‌కు గుండెపోటు వచ్చి, ఆ లారీ బైకు మీద వెళ్తున్న ఒకరిని గుద్ది చంపిందనుకుందాం. డ్రైవర్ కూడా చనిపోయాడు.

బైకు మనిషి కుటుంబం సెక్షన్ 166 కింద పూర్తి పరిహారం అడుగుతుంది. దీనికి డ్రైవర్ నిర్లక్ష్యం చూపాలి. డ్రైవర్‌కు ముందే గుండెజబ్బు ఉందని, నెల కిందటే ఆసుపత్రిలో చేరాడని, అయినా బండెక్కాడని చూపగలిగితే నిర్లక్ష్యం నిలబడుతుంది. బీమా కంపెనీ, ఓనర్ దీనికి అడ్డంగా వాదిస్తారు: గుండెపోటు ఉన్నట్టుండి వచ్చింది, ఎవరూ ఊహించలేనిది, దైవాధీనం. అది నిరూపించాల్సిన భారం వాళ్ల మీదే పడుతుంది. లారీ రోడ్డు దిగి మనిషిని గుద్దిందంటే మామూలుగా అది నిర్లక్ష్యమేనని, కాదనేవాళ్లే కారణం చెప్పాలని 1977 నుంచి సుప్రీంకోర్టు అంటోంది. ఇక డ్రైవర్ భార్య, ఉద్యోగుల పరిహార చట్టం, 1923 (2025 నవంబరు నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020) కింద వేసే కేసులో చెప్పేది మూడోది: విరామం లేకుండా బండి తోలించడం వల్లే గుండె ఆగింది, పనే ఆయన ప్రాణం తీసింది.

మూడు వాదనల్లోనూ గుండెపోటు ఒకటే. బైకు కుటుంబానికి అది ముందే తెలిసిన జబ్బు కావాలి, కంపెనీకి ఎవరికీ తెలియని జబ్బు కావాలి, డ్రైవర్ కుటుంబానికి పని వల్ల వచ్చిన జబ్బు కావాలి.

మూడోదాని మీద సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2006లో ఒక క్లీనర్ గుండెపోటు మరణానికి పనితో సంబంధం చూపలేదని పరిహారం నిరాకరించింది. 2012లో ఢిల్లీ నుంచి జార్ఖండ్‌లోని నిమియాఘాట్ వైపు వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ తోలిన డ్రైవర్, ఒంట్లో బాగోక బండి రోడ్డు పక్కన హోటల్ దగ్గర ఆపి కుప్పకూలి చనిపోతే, అంత దూరం భారీ వాహనం నడిపిన ఒత్తిడి చాలని, అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమేనని తేల్చింది. చూడబోతే తేడా రుజువుల్లోనే ఉంది: ఎన్ని గంటలు తోలాడు, ఎక్కడ ఆగాడు, ఏ స్థితిలో ఆగాడు.

నిర్లక్ష్యం అసలు నిలబడకపోతే బైకు మనిషి కుటుంబం ఉత్త చేతులతో వెళ్లాల్సిందేనా అంటే, కాదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 164 ప్రకారం, ఎవరి తప్పో చూపకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఓనర్ లేదా బీమా కంపెనీ ఇవ్వాలి. నెలకు యాభై వేలు సంపాదించే మనిషి పోయిన ఇంటికి 166 కింద వచ్చేదానితో పోలిస్తే ఈ 5 లక్షలు చిన్న మొత్తమే. అందుకే డ్రైవర్ జబ్బు కొత్తదా పాతదా అన్న ప్రశ్న బాధితుల ఇంట్లో పిల్లల చదువుల దాకా వెళ్తుంది.

బీమా కంపెనీ డ్రైవర్ జబ్బు మనిషి అని చెప్పి తప్పించుకోలేదు. మూడో వ్యక్తికి, అంటే ప్రమాదంలో దెబ్బతిన్న బయటివాళ్లకు, పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీ వాడుకోగల కారణాలను సెక్షన్ 150 లెక్కపెట్టి చెప్పింది: లైసెన్సు లేకపోవడం, తాగి ఉండటం లాంటివి. అనారోగ్యం ఆ జాబితాలో లేదు. కానీ జబ్బు వల్ల రెన్యువల్‌కు వెళ్లక లైసెన్సు గడువు దాటిపోతే కథ మారుతుంది. అప్పుడు ఓనర్ వైపు తప్పుందని కంపెనీ నిరూపించగలిగితే, ముందు బాధితులకు చెల్లించి ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో వచ్చిన సూత్రం అది. డ్రైవర్ లైసెన్సు గడువు అయిపోయి మూడేళ్లయినా చూసుకోని ఓనర్‌ను 2020లో సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుపట్టింది. ఉద్యోగంలో పెట్టుకున్నప్పుడు ఒకసారి చూస్తే చాలదు, రెన్యువల్ అయిందో లేదో కనిపెట్టుకోవాల్సింది కూడా ఓనరేనని చెప్పి, డబ్బు భారం ఆయన మీదే పెట్టింది.

## జైలు ఎవరికి?

క్రిమినల్ కేసులో తీరు వేరు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్లన్న 106(2)ను 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశాక కేంద్రం అమల్లోకి తేకుండా ఆపింది. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలబడ్డ సమ్మె అదే.

జబ్బు కేసులో 106(1) వర్తించాలంటే ఆ జబ్బు డ్రైవర్‌కు తెలిసి ఉండాలి, లేదా మామూలు జాగ్రత్త ఉన్న మనిషికి తెలియాల్సిన స్థితిలో ఉండాలి. మొట్టమొదటి సారి, ఏ సూచనా లేకుండా గుండెపోటు వస్తే నేరం ఉండదు. ఫిట్స్ ఉండి, డాక్టర్ వద్దన్నా, మందులు మానేసి బండెక్కితే నేరం ఉంటుంది. ప్రాణాలు పోవచ్చని తెలిసే చేశాడని తేలితే ఇంకా పెద్ద సెక్షన్ పెట్టే వీలుంది. ముంబయిలో తాగి కారు నడిపి పేవ్‌మెంట్ మీద ఏడుగురి మరణానికి కారణమైన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ దారినే వివరించింది.

ఎంత తెలిస్తే తెలిసినట్టు అన్నది తేల్చడం ఎంత కష్టమో బ్రిటన్‌లోని రెండు కేసులు చూస్తే అర్థమవుతుంది. మొదటిది వీటాబిక్స్ కంపెనీ లారీ కేసు. డ్రైవర్‌కు క్లోమంలో ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసే గడ్డ ఉంది, అది ఆయనకు తెలియదు. రక్తంలో చక్కెర మెల్లగా పడిపోతూ ఉంటే దాదాపు 40 మైళ్లు తోలి, దారిలో చిన్నచిన్న తాకిళ్లు జరిగినా ఆగక, చివరికి ఒక దుకాణంలోకి దూసుకెళ్లాడు. దుకాణం వాళ్లు దావా వేశారు. స్పృహ పూర్తిగా పోలేదు కాబట్టి తప్పేనని కింది కోర్టు అంటే, అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. తనకు జబ్బుందని తెలియని మనిషిని, తెలిసినవాడికి పెట్టే కొలతతో తూచకూడదంది. దుకాణం వాళ్లకు పరిహారం రాలేదు.

రెండోది గ్లాస్గో. 2014 డిసెంబరు 22న, క్రిస్మస్ కొనుగోళ్లతో కిక్కిరిసిన వీధిలో చెత్త లారీ డ్రైవర్ స్పృహ తప్పాడు. లారీ 19 సెకన్ల పాటు పేవ్‌మెంట్ల మీదుగా వెళ్లి హోటల్ గోడకు కొట్టుకుని ఆగింది. ఆరుగురు చనిపోయారు. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆయన 2010లో బస్సు డ్రైవర్‌గా ఉన్నప్పుడే ఒకసారి సీట్లో సొమ్మసిల్లాడు, ఆ సంగతి కొత్త ఉద్యోగంలోనూ చెప్పలేదు, హెవీ లైసెన్సు రెన్యువల్ ఫారంలోనూ చెప్పలేదు. నిజం చెప్పి ఉంటే ఈ ప్రమాదం తప్పి ఉండేదని 2015 డిసెంబరులో విచారణ నివేదిక రాసింది, 19 సిఫార్సులు చేసింది. అయినా ఆయన మీద ఆ మరణాలకు కేసు నడవలేదు. ఆ రోజు బండెక్కేటప్పుడు తాను అనర్హుడినని ఆయనకు తెలుసని నిరూపించే ఆధారం చాలదని ప్రాసిక్యూషన్ వాళ్లు తేల్చారు. కుటుంబాలు సొంతంగా కేసు పెడతామంటే 2016లో హైకోర్టు అనుమతించలేదు. నాలుగేళ్ల కిందటి ఒక్క స్పృహ తప్పడం, దాని చుట్టూ అన్ని అబద్ధాలు, అయినా శిక్ష దాకా రాలేదు. ఆ కుటుంబాలకు జరిగింది న్యాయమని చెప్పడం చాలా కష్టం.

## ఓనర్ దగ్గరికి ఎందుకు చేరదు

మన చట్టంలో ఓనర్‌ను పట్టుకునే సెక్షన్ ఉంది. 186 నేరానికి ప్రోత్సహించినవాళ్లకు అదే శిక్ష అని సెక్షన్ 188 చెబుతోంది. ‘జ్వరంగా ఉంది, ఈ ట్రిప్పు వద్దు సార్’ అన్న డ్రైవర్‌ను ‘లోడు ఎత్తేశాం, ఎలాగోలా వెళ్లిరా’ అని పంపడం దీని కిందికి రావచ్చు. కానీ శిక్ష ఆ వెయ్యి రూపాయలే. పైగా ఆ మాట ఫోన్లో జరుగుతుంది, సాక్షి క్లీనర్ ఒక్కడే, ఇప్పుడు చాలా బండ్ల మీద క్లీనర్ కూడా లేడు.

ఇక్కడే చట్టం తలకిందులుగా పనిచేస్తోంది. డ్రైవర్లకు ఏటా సొంత ఖర్చుతో పరీక్షలు చేయించే ఓనర్ చేతిలో రిపోర్టులు ఉంటాయి, రేపు కోర్టులో అవే ఆయనకు ఎదురు సాక్ష్యం అవుతాయి: బీపీ 180 అని తెలిసీ పంపావు. ఏ పరీక్షా చేయించని ఓనర్ మాత్రం ‘లైసెన్సు చూశాను, సర్కారే ఫిట్ అని ఇచ్చింది’ అని చేతులు దులుపుకోవచ్చు. జాగ్రత్తపరుడికి రిస్కు, పట్టించుకోనివాడికి రక్షణ. ఒకట్రెండు లారీలున్న చిన్న ఓనర్లే ఎక్కువగా ఉన్న ఈ రంగంలో, చట్టం అడగని ఖర్చు పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు.

అమెరికాలో ఈ ముడిని వేరేలా విప్పారు. అక్కడ పెద్ద వాణిజ్య వాహనాల డ్రైవర్లకు మెడికల్ కార్డు గరిష్ఠంగా రెండేళ్లే చెల్లుతుంది, బీపీ 140/90 దాటితే ఏడాదికి, ఇంకా ఎక్కువుంటే మూడు నెలలకు తగ్గుతుంది, 180/110 దగ్గర ఆగిపోతుంది. అంటే జవాబు ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అని రెండే కాదు, మధ్యలో మెట్లున్నాయి. మందులు వాడి తగ్గించుకుంటే మళ్లీ బండెక్కొచ్చు. అనారోగ్యంతోనో అలసటతోనో ఉన్న డ్రైవర్‌ను పంపకూడదన్న నిషేధం నేరుగా కంపెనీ మీదే ఉంది, డ్రైవర్ అర్హత కాగితాల ఫైలు ఉంచడం కంపెనీ విధి. ఫైలు లేకపోతే అదే తప్పు, తెలియదనడం కుదరదు.

అదేమీ ఊరికే రాలేదు. 1999 మే 9న న్యూ ఓర్లీన్స్‌లో టూరిస్టు బస్సు రోడ్డు దిగి 22 మంది ప్రయాణికులు చనిపోయారు. డ్రైవర్‌కు తీవ్రమైన గుండె, మూత్రపిండాల జబ్బులున్నాయి, అయినా జేబులో మెడికల్ సర్టిఫికెట్ ఉంది. దర్యాప్తు చేసిన సంస్థ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతినే తప్పుపట్టింది. అర్హత పరీక్ష రాసి, జాతీయ జాబితాలో పేరున్నవాళ్లే ఈ పరీక్షలు చేయాలన్న నియమం 2014 మేలో అమల్లోకి వచ్చింది. పదిహేనేళ్లు పట్టింది. డాక్టర్ ఇచ్చిన ఫలితం కాగితంతో పనిలేకుండా నేరుగా లైసెన్సు రికార్డులోకి వెళ్లే పద్ధతి 2025లో మొదలైంది. అక్కడా అన్నీ సవ్యంగా లేవు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు పరీక్ష తప్పనిసరి చేద్దామన్న ప్రతిపాదనను 2016లో తెచ్చి 2017లో వెనక్కి తీసుకున్నారు.

## చెబితే కూడు పోతుంది

డ్రైవర్లు జబ్బు ఎందుకు దాస్తారన్నదానికి జవాబు పెద్దగా వెతకక్కర్లేదు. లారీ డ్రైవర్‌కు ట్రిప్పు ఉంటేనే బత్తా. మెడికల్ లీవు లేదు, వేరే పని ఇచ్చేవాళ్లు లేరు. హెవీ లైసెన్సు పోయిందంటే పాతికేళ్ల అనుభవం ఒక్క రోజులో పనికిరాకుండా పోతుంది.

ఆర్టీసీ డ్రైవర్లతో పోలిస్తే తేడా తెలుస్తుంది. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉందని వైద్య పరీక్షలో తేలడంతో తెలంగాణ ఆర్టీసీ ఒక డ్రైవర్‌ను 2016లో ఉద్యోగం నుంచి పంపేసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వమని, బకాయిల్లో 25 శాతం చెల్లించమని ఆదేశించింది. వర్ణాంధత్వం ఉన్న డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 1979లో కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ఆయనకు పనికొచ్చింది. తొమ్మిదేళ్లు పోరాడాల్సి వచ్చింది నిజమే, కానీ పోరాడటానికి ఒక కాగితం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కూడా సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదంటుంది, అదీ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు లారీ డ్రైవర్‌కు ఈ రెండూ లేవు.

ఫిట్స్ విషయంలో మన ఫారం అడిగేది ఉందా లేదా అనే. బ్రిటన్‌లో పదేళ్లుగా మందులు లేకుండా, ఒక్కసారీ ఫిట్స్ రాకుండా ఉన్న మనిషి హెవీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కఠినమైన నియమమే, కానీ అవతల ఒక తలుపుంది. తలుపే లేనిచోట అందరూ ‘లేదు’ అనే రాస్తారు, చిన్నప్పుడు ఒక్కసారి వచ్చినవాడూ, నెలనెలా వచ్చేవాడూ.

అందుకే జరిమానా వెయ్యి నుంచి లక్షకు పెంచితే పరిస్థితి మారుతుందనుకోవడం పొరపాటు. శిక్ష పెరిగేకొద్దీ దాచడం పెరుగుతుంది. మార్పు రావాలంటే పరీక్ష చేయించడం ఓనర్ విధి కావాలి, చేయించినవాడికి బీమా ప్రీమియంలోనో కోర్టులోనో కొంత రక్షణ ఉండాలి, జబ్బు బయటపడ్డ డ్రైవర్ వైద్యం చేయించుకుని తిరిగి వచ్చేదాకా ఇల్లు గడిచే ఏర్పాటు ఉండాలి. ఏసీ క్యాబిన్ విషయంలో ప్రభుత్వం ఈ పనే చేసింది: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ అది తప్పనిసరి, ఓనర్ ఇష్టానికి వదల్లేదు. డ్రైవర్ ఒళ్లు విషయంలోనూ అలాంటి నియమం పెట్టడానికి అడ్డేమీ లేదు.

## బాధిత కుటుంబాలు చూసుకోవాల్సిన కాగితాలు

ప్రస్తుతానికి చట్టం ఉన్నది ఉన్నట్టుగా ఉండగా, బాధితుల కేసు బలం కాగితాల్లోనే ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు అందరూ తెచ్చుకుంటారు. డ్రైవర్ కూడా చనిపోతే ఆయన పోస్ట్‌మార్టం రిపోర్టు కూడా అడగాలి, గుండెలో పాత మచ్చలున్నాయని అందులో ఉంటే జబ్బు ఆరోజే మొదలైంది కాదని చెప్పడానికి అదే పెద్ద ఆధారం. లైసెన్సు ఎప్పుడెప్పుడు రెన్యువల్ అయిందో చెప్పే ఆర్టీఏ రికార్డు, ఫారం 1ఏ నకలు, డ్రైవర్ అంతకుముందు చేరిన ఆసుపత్రి రికార్డులు ట్రిబ్యునల్ ద్వారా తెప్పించమని అడగొచ్చు.

ఓనర్ బాధ్యత చూపడానికి అన్నిటికన్నా పనికొచ్చేది ఫాస్టాగ్ లెక్క. ఏ టోల్‌ప్లాజా ఏ నిమిషంలో దాటిందో అందులో ఉంటుంది. విజయవాడ నుంచి నాగ్‌పూర్ దాకా మధ్యలో ఎక్కడా నాలుగు గంటల విరామం కూడా కనిపించకపోతే, డ్రైవర్ పరిస్థితి తనకు తెలియదన్న ఓనర్ మాట అంత తేలిగ్గా నిలబడదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలన్న పని పరిమితి 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ ఉన్నదే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 91 కూడా దాన్నే గుర్తుచేస్తుంది. జీపీఎస్ ఉన్న బండి అయితే ఆ రికార్డు కూడా అడగాలి. ఇవన్నీ కాలం గడిస్తే దొరకడం కష్టం. పరిహారం దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని సెక్షన్ 166(3) అంటోంది కాబట్టి, కర్మకాండలు అయ్యాక చూద్దామని ఆగకుండా మొదటి నెలలోనే లాయర్‌ను కలిసి ఫాస్టాగ్, జీపీఎస్ రికార్డులు భద్రపరచమని నోటీసు ఇప్పించడం మంచిది.